‘స్పీడీ రికవరీ’: ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ వాడాలి

ఎవరికైనా ఒంట్లో బాగాలేదని వాట్సాప్ గ్రూపులో కబురు పడితే చాలు, ఐదు నిమిషాల్లో దాని కింద వరసగా వచ్చిపడే మాట ‘విష్ యూ స్పీడీ రికవరీ’. అదే రోజు పేపరు తిరగేస్తే జిల్లా పేజీలో పోలీసులు చోరీ సొత్తు రికవరీ చేశారని ఉంటుంది. బిజినెస్ పేజీలో బ్యాంకుల మొండి బకాయిల రికవరీ గురించి ఉంటుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపు బోర్డు మీద డేటా రికవరీ అని ఉంటుంది. ఒకటే మాట నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అన్ని చోట్లా చేస్తున్న పని ఒకటే. అదేమిటో చూసేముందు పక్కనున్న ‘స్పీడీ’ని చూడాలి. ఎక్కువ మలుపులు తిరిగిన మాట అది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో స్పీడ్ రూపం ‘స్పేడ్’. దానికి అప్పటి ముఖ్యార్థం మేలు, కలిమి, అనుకున్న పని నెరవేరడం. ‘స్పోవన్’ అనే క్రియతో దానికి చుట్టరికం. స్పోవన్ అంటే నెగ్గడం, వర్ధిల్లడం. ఇదే కుదురుకు చెందిన మాట సంస్కృతంలో ‘స్ఫాయ్’ అనే ధాతువు, అంటే పెరగడం, వృద్ధి చెందడం. మన పాత కావ్యాల్లో కనిపించే ‘స్ఫీతం’ దాన్నుంచి వచ్చిందే. మనం ద్రవ్యోల్బణం అనేదాన్ని హిందీవాళ్ళు ‘ముద్రాస్ఫీతి’ అంటారు కదా, అందులో ఉన్నదీ అదే స్ఫీతి. రష్యన్‌లో విజయాన్ని ‘ఉస్పేఖ్’ అంటారు, అదీ ఈ కుటుంబమే. ఈ భాషల్లో ఈ కుదురు పెరుగుదల చుట్టూ, సఫలత చుట్టూ తిరుగుతుంటే, ఇంగ్లీషులో స్పీడ్ పరుగు మీదికి మళ్ళింది.

పాత అర్థం కొన్ని నుడికారాల్లో గడ్డకట్టి ఇప్పటికీ మిగిలింది. ‘మోర్ హేస్ట్, లెస్ స్పీడ్’ అనే సామెతే తీసుకోండి. స్పీడ్‌ను వేగం అనుకుని చదివితే, తొందర పెరిగితే వేగం తగ్గుతుందని ఏదో చిక్కుముడిలా ఉంటుంది. స్పీడ్ అంటే పని నెరవేరడం అనుకుంటే చిక్కు విడిపోతుంది: ఎంత తొందరపడితే పని అంత చెడుతుంది. ‘గాడ్‌స్పీడ్’ కూడా అంతే. ‘దేవుడు నీకు మేలు చేయుగాక’ అనే దీవెన రెండు మాటలుగా కుంచించుకుపోయి మిగిలిన రూపం అది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యోహాను రాసిన రెండో పత్రికలో, తప్పుడు బోధ తెచ్చేవాడికి ‘గాడ్ స్పీడ్’ చెప్పవద్దని ఉంది. తెలుగు బైబిల్లో సరిగ్గా అదే చోట ఉన్న మాట ‘శుభం’. ఇంతకన్నా సూటి అనువాదం ఇంకొకటి దొరకదు.

1606 డిసెంబరులో లండన్ నుంచి బయలుదేరి, మరుసటి ఏడు అమెరికాలో జేమ్స్‌టౌన్ వలస స్థావరానికి జనాన్ని చేర్చిన మూడు ఓడల్లో ఒకదాని పేరు గాడ్‌స్పీడ్. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి వెళుతుంటే, సాటి వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ నేల మీది నుంచి చెప్పిన మాట ‘గాడ్‌స్పీడ్, జాన్ గ్లెన్’. అది రాకెట్ వేగానికి సంబంధించిన మాట కాదు. ‘క్షేమంగా వెళ్ళిరా’ అనడం.

మేలు కాస్తా వేగం ఎలా అయింది? పని కలిసొస్తే చకచకా సాగుతుంది, చకచకా సాగేదాన్ని చూసి కలిసొచ్చిందనుకుంటాం. రెండూ పక్కపక్కన నడిచాయి. పాత ఇంగ్లీషు కాలంలోనే వేగం అనే అర్థం ఓ మూల మొదలై, క్రమంగా మేలు అర్థాన్ని పక్కకు నెట్టేసింది. ‘స్పీడీ’ అనే విశేషణం 14వ శతాబ్దపు చివరిలో కనిపించేసరికి త్వరితం అనే అర్థానికి బలం వచ్చింది. అందుకని ఇవాళ ‘స్పీడీ రికవరీ’ అనేవాళ్ళు త్వరగా కోలుకోవడం గురించే మాట్లాడుతున్నారు, అందులో సందేహం లేదు. ‘త్వరగా’ అనేదాని అడుగున ‘మేలుగా’ అనేది ఉందని తెలిస్తే, ఆ మాటను కాస్త వేరే చెవితో వింటాం.

తెలుగులో దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచిన మాట ఒకటుంది: నెమ్మది. ఇవాళ నెమ్మదిగా అంటే మెల్లగా. కానీ జ్వరంతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యివేసి ‘ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉందా?’ అని అడిగితే, ఆ నెమ్మది మెల్లదనం కాదు, హాయి. ‘నొప్పి నెమ్మదించింది’, ‘ప్రాణం నెమ్మదించింది’ అన్నా అంతే. కన్నడంలో ‘నెమ్మది’ అంటే ఇప్పటికీ మనశ్శాంతే, మెల్లదనం అర్థం దానికి లేదు. అంటే ఇంగ్లీషువాళ్ళ మేలు వేగం వైపు వెళ్ళింది, మన సుఖం మెల్లదనం వైపు వెళ్ళింది. బయలుదేరిన చోటు దాదాపు ఒకటే. రోగి దగ్గర వాళ్ళు ‘స్పీడీ’ అనడం, మనం ‘నెమ్మది’ అనడం పైకి వ్యతిరేకంగా వినిపించినా, రెండూ కోరేది మనిషి బాగుండాలనే.

ఇంగ్లీషులో వేగం మాటలు చాలావాటికి ఇలాంటి వెనకటి బతుకే ఉంది. ‘క్విక్’ అంటే ముందు ప్రాణమున్నది అని. మన ‘జీవ’కు అది దూరపు చుట్టం. పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అనడం అది ప్రాణమున్న వెండిలా కదులుతుందనే. ‘ఫాస్ట్’ అంటే కదలకుండా బిగిసి ఉన్నది. గాఢనిద్రను ‘ఫాస్ట్ ఎస్లీప్’ అనడంలో ఆ అర్థమే మిగిలింది. ఇక ‘గెట్ వెల్ సూన్’లోని ‘సూన్’ మొదట్లో ‘తక్షణమే’. తక్షణమే అని మాటిచ్చి జనం కాస్త ఆలస్యం చేస్తూ చేస్తూ అది ‘కొద్దిరోజుల్లో’ అయిపోయింది. మన ‘ఇప్పుడే వస్తా’ ఎంతసేపో అందరికీ తెలుసు.

ఇప్పుడు రికవరీ. దీని మూలం లాటిన్ ‘రెకుపెరారే’, అంటే పోయినదాన్ని తిరిగి చేజిక్కించుకోవడం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ‘రె’ అంటే మళ్ళీ. మిగతా భాగానికి ‘కాపెరే’తో, అంటే పట్టుకోవడం, తీసుకోవడం అనే మాటతో చుట్టరికం. క్యాప్చర్, కెపాసిటీ, రిసీవ్ అన్నీ దాని సంతానమే. రోమన్ న్యాయవ్యవస్థలో ‘రెకుపెరాతోర్లు’ అని ఒక న్యాయమూర్తుల బృందం ఉండేది. పోయిన ఆస్తి తిరిగి ఇప్పించడం వాళ్ళ పని. కాబట్టి బంగారం, అప్పు, ఆరోగ్యం మూడింటికీ రికవరీ అనడంలో గందరగోళం ఏమీ లేదు. నీదైనది నీ చేయి దాటింది, మళ్ళీ నీ చేతికి వచ్చింది, అంతే. మన దేశంలో 1993 చట్టం కింద ఏర్పడిన డెట్ రికవరీ ట్రైబ్యునళ్ళ పేరులో ఉన్న రికవరీకీ, ఆపరేషన్ థియేటర్ పక్కన ఉండే రికవరీ రూముకూ అర్థంలో తేడా లేదు.

ఇంగ్లండులో ఈ మాట కోర్టుల్లో ఎంతగా పాతుకుపోయిందో చెప్పడానికి ‘కామన్ రికవరీ’ అనే పద్ధతి చాలు. అక్కడ కొన్ని భూములు వంశంలో వారసులకే దక్కాలి, అనుభవిస్తున్నవాడు అమ్మడానికి వీల్లేదు అనే కట్టుబాటు కింద ఉండేవి. ఆ ముడి విప్పడానికి లాయర్లు ఒక ఉత్తుత్తి దావా కనిపెట్టారు. 1472 నాటి టాల్టారమ్ కేసుతో ఇది ముడిపడి ఉంది. పద్ధతి ఇదీ. భూమి కొనదలచినవాడు, లేదా అతని తరఫు మనిషి, ‘ఈ భూమి నాది, నాకు తిరిగి ఇప్పించండి’ అని దావా వేస్తాడు. భూమి అనుభవిస్తున్నవాడు కోర్టుకు వచ్చి, ‘నాకు ఈ హక్కు ఫలానావాడు హామీతో ఇచ్చాడు, అతన్నే అడగండి’ అంటాడు. ఆ ఫలానావాడు సాధారణంగా ఆ కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు. అతను వచ్చి, అవును హామీ ఇచ్చింది నేనే అని ఒప్పుకుంటాడు. ఎదుటివాడితో మాట్లాడుకోవడానికి గడువు అడిగి బయటికి వెళ్ళి, ఇక తిరిగి రాడు. హామీదారు పరారైనందుకు కోర్టు భూమిని దావా వేసినవాడికి ఇచ్చేస్తుంది. వారసులకు నష్టం రాకుండా బంట్రోతు అంతే విలువైన భూమి ఇవ్వాలని తీర్పు రాస్తుంది. అతని దగ్గర సెంటు భూమి కూడా ఉండదని అందరికీ తెలుసు. వారసుల హక్కు కాగితం మీద భద్రం, భూమి మాత్రం చేయి మారింది. 1833లో పార్లమెంటు చట్టం చేసి రద్దు చేసేదాకా సుమారు మూడున్నర శతాబ్దాలు ఈ తంతు నడిచింది.

ఒంటి విషయంలో రికవర్ అనడం కూడా ఇంగ్లీషులో పాతదే. పోయిన స్పృహ, పోయిన బలం, పోయిన ఆరోగ్యం మళ్ళీ దక్కించుకోవడం అని. ఆస్తి భాషలోనే ఆరోగ్యాన్నీ చెప్పుకున్నారు.

తెలుగు ఇక్కడ వెనకబడలేదు. ‘కోలుకోవడం’ అనే మాటను విడదీసి చూడండి. వీడ్కోలు, వేడికోలు, ఒప్పుకోలు, కొనుగోలు... వీటన్నిటి చివర ఉన్న ‘కోలు’ ‘కొను’ నుంచి వచ్చిన నామరూపం, అంటే తీసుకోవడం. కోలుకొనడంలోనూ ఆ తీసుకోవడమే వినిపిస్తుంది. లాటిన్‌వాడు ‘మళ్ళీ పట్టుకోవడం’ అంటే తెలుగువాడు ‘కోలు కొనడం’ అన్నాడు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది కాదు, ఇద్దరికీ అలాగే తోచింది.

‘తేరుకోవడం’ వేరే బొమ్మ. కొత్తనీళ్ళు వచ్చిన రోజుల్లో బిందె లోపలి వైపు చిల్లగింజ అరగదీసి బురద నీళ్ళు పోసేవారు. కాసేపటికి మట్టి అడుక్కి చేరి పైన తేట నిలుస్తుంది. నీళ్ళు తేరాయి అంటాం. దుఃఖం నుంచి, దిగ్భ్రమ నుంచి, మూర్ఛ నుంచి మనిషి తేరుకోవడం అదే. మట్టి ఎక్కడికీ పోలేదు, అడుగున కూర్చుంది. అందుకే కాలు విరిగినవాడు ‘కాలు విరగడం నుంచి తేరుకున్నాడు’ అంటే చెవికి ఇంపుగా ఉండదు. తెలుగులో ఒక్కో బాధకు ఒక్కో క్రియ ఉంది. పుండు మానుతుంది, ఎముక అతుక్కుంటుంది, జ్వరం దిగుతుంది, వాపు తీస్తుంది, నొప్పి తగ్గుతుంది. కోలుకునేది మాత్రం మనిషే. రోగం తగ్గడం, మనిషి కోలుకోవడం రెండూ వేర్వేరని మన క్రియలే చెబుతున్నాయి.

ఈ తేడా ఒట్టి భాషాశాస్త్రం కాదు, ప్రాణాల మీదికి వచ్చే తేడా. డెంగీలో జ్వరం సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య దిగుతుంది. ఇంట్లోవాళ్ళు ‘హమ్మయ్య, కోలుకున్నాడు’ అనుకునేది అప్పుడే. కొంతమందిలో అసలు ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం ఎక్కువై, ఆ దశ 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం దిగాక కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మనిషి మరీ మందకొడిగా అవడమో కుదురులేకపోవడమో కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. క్షయలో ఇంకోలా జరుగుతుంది. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. రెండో నెల దాటేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్ళు చేస్తుంది. అక్కడ మందు ఆపేస్తే మిగిలిన సూక్ష్మక్రిములు మళ్ళీ పెరుగుతాయి, మందులకు లొంగని రకంగా మారే ముప్పు కూడా ఉంది. రెండు చోట్లా దెబ్బతీసింది ‘రోగం తగ్గింది’ అన్నదాన్ని ‘మనిషి కోలుకున్నాడు’గా చదవడమే.

రికవరీ అంటే పోయినదంతా తిరిగి రావడం అనుకుంటాం గానీ, శరీరం అన్నిసార్లూ పూర్తి లెక్క అప్పజెప్పదు. చర్మం కోసి కుట్టు వేశాక, వారానికి ఆ చోట బలం మామూలు చర్మంలో పదో వంతు దాకా ఉంటుంది. మూడు నెలలకు 70 నుంచి 80 శాతానికి చేరుతుంది. అక్కడి నుంచి పెద్దగా పెరగదు, నూటికి నూరు ఎప్పటికీ రాదు. కుట్లు తీసిన రోజున పైకి అంతా మానినట్టే కనిపిస్తుంది కాబట్టి బిందె ఎత్తడం, సిలిండర్ జరపడం మొదలుపెడతారు. పొట్ట ఆపరేషన్ల తర్వాత బరువులు వద్దని డాక్టర్లు వారాల లెక్క చెప్పేది ఇందుకే.

మరి స్పీడీ రికవరీ వైద్యంలో నిజంగా ఉందా? ఉంది, దానికి చక్కటి చరిత్ర కూడా ఉంది. 1990లలో హెన్రిక్ కెహ్లెట్ అనే డెన్మార్క్ సర్జన్ ఒక ప్రశ్న పట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే అయిన రోగి ఇవాళ ఇంకా ఆసుపత్రిలో ఎందుకున్నాడు? నొప్పా, వాంతులా, పేగులు కదలకపోవడమా, నీరసమా? ఒక్కో కారణాన్నీ విడిగా తీసుకుని తొలగించడం మొదలుపెట్టారు. అర్ధరాత్రి నుంచి పచ్చి గంగ కూడా ముట్టవద్దనే పాత నియమం సడలింది. మత్తుకు ఆరు గంటల ముందు దాకా తేలికపాటి ఘనాహారం, రెండు గంటల ముందు దాకా పాలు కలపని తేట ద్రవాలు తాగవచ్చన్న పద్ధతి వచ్చింది, ఎందుకంటే మరీ ఎక్కువసేపు పస్తుంటే శరీరం చక్కెరను వాడుకోవడంలో తడబడుతుంది. మార్ఫిన్ జాతి మందులు పేగులను మందగింపజేస్తాయి కాబట్టి వాటిని తగ్గించి, వెన్నులోనో కోత దగ్గరో తిమ్మిరి మందు ఇవ్వడం పెరిగింది. సెలైన్ అతిగా ఎక్కిస్తే పేగు గోడలు ఉబ్బుతాయి, అందుకని కొలత పెట్టుకున్నారు. ముక్కులో గొట్టాలు అవసరమైతేనే ఉంచారు. ఆపరేషన్ అయిన రోజునో మర్నాడో లేపి నడిపించారు. పెద్దపేగు ఆపరేషన్ తర్వాత వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సిన చోట, ఆయన రోగుల్లో చాలామంది రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళగలిగారు. మొదట దీన్ని ‘ఫాస్ట్ ట్రాక్’ అన్నారు, తర్వాత ‘ఎన్‌హాన్స్‌డ్ రికవరీ’ అనే పేరు స్థిరపడింది. ఈ పేరు మార్పు మంచిదే. అక్కడ ఎవరూ శరీరాన్ని తొందరపెట్టలేదు, దాని దారిలో మనం పెట్టిన అడ్డాలు తీశారు. మధుమేహం, జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అయ్యే జబ్బులు ఉన్నవాళ్ళకు గంటల లెక్క మారుతుంది కాబట్టి ఎవరికి ఎంతో మత్తు డాక్టరే చెప్పాలి.

ఇక రాసేటప్పుడు దొర్లే తప్పులు. మనవాళ్ళు ఎక్కువగా రాసేది ‘విష్ యూ స్పీడీ రికవరీ’. స్పీడీకి ముందు ‘ఎ’ ఉండాలి: ‘ఐ విష్ యూ ఎ స్పీడీ రికవరీ’, లేదా ‘విషింగ్ యూ ఎ స్పీడీ రికవరీ’. తెలుగులో ఆర్టికల్స్ లేవు గనుక అది జారిపోతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది ‘ఫ్రమ్’. ‘హి రికవర్డ్ ఫ్రమ్ ఫీవర్’ సరైనది. ‘హి రికవర్డ్ ద ఫీవర్’ అంటే పోయిన జ్వరాన్ని వెతికి తిరిగి తెచ్చుకున్నాడని అర్థం వస్తుంది. రికవర్‌కు సూటిగా కర్మ తగిలిస్తే అది తిరిగి దక్కిన వస్తువు అవుతుంది, బంగారంలాగా. రికవర్ అంటే చేజిక్కించుకోవడం అని గుర్తుంటే ఈ తప్పు మళ్ళీ రాదు. ‘ఎర్లీ రికవరీ’ మన దేశపు ఇంగ్లీషులో బాగా నడుస్తోంది, తప్పేమీ లేదు. పై అధికారికి రాసేటప్పుడు ‘స్పీడీ రికవరీ’, స్నేహితుడికి ‘గెట్ వెల్ సూన్’ నప్పుతాయి. ఆపరేషన్ ఇంకా జరగనివాళ్ళకు మాత్రం రికవరీ మాట తొందరపాటు. ‘ఆపరేషన్ బాగా జరగాలి’ అంటే సరిపోతుంది.

ఈ మాట అసలు వాడకూడని చోట్లు కూడా ఉన్నాయి. తాగుడు నుంచి బయటపడుతున్నవాళ్ళు ‘ఇన్ రికవరీ’ అని చెప్పుకుంటారు. వాళ్ళకది రోజూ సాగే పని, అందులో స్పీడీకి చోటు లేదు. ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న మనిషికి, అది తగ్గేది కాదని ఆయనకే తెలిసినప్పుడు, త్వరగా కోలుకోండి అని పెట్టే మెసేజ్ ఆయన్ని ఒంటరిని చేస్తుంది. ఏమీ తెలియనట్టు నటించాల్సిన భారం ఆయన మీద పడుతుంది. గర్భం పోయిన అమ్మాయికి కూడా ఆ మాట వద్దు. పక్షవాతం వచ్చిన పెద్దాయన మొదటి నెలల్లో చేతివేళ్ళు ఒక్కొక్కటే కదిలించడం మళ్ళీ నేర్చుకుంటుంటే, ఆయన ముందు వేగం ఊసెత్తడం కన్నా ‘ఇవాళ గ్లాసు పట్టుకున్నారట కదా’ అనడం మేలు.

వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే మనిషి సంగతీ అంతే. ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని, కాళ్ళు తేలిపోతుంటే ఇంటికి వస్తాడు, ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి. ఆయనకు ‘స్పీడీ రికవరీ’ అని కాకుండా ‘నెమ్మదిగా ఉందా బాబాయ్? గురువారం నేను కారు తీసుకొస్తా, ఆటో మాట్లాడకు’ అని పెట్టండి.